తడి కత్తి, పొడి గుడ్డ

టక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్. ఈ రెంటి మధ్య ఉన్న నిశ్శబ్దంలో నేనైతే ఒక చొక్కాకి కాలరు కుట్టేస్తాను. ఇది వదిన చప్పుడులా లేదు, నిన్నగాక మొన్న వంటగదిలో అడుగుపెట్టిన మనిషెవరో భయం భయంగా కోస్తున్నట్టుంది. కానీ లోపల ఉన్నది వదినే, నేను పిలిచేదాకా ఒక్కరూ రావద్దని తలుపేసి గడియ పెట్టుకున్నదీ వదినే. నేను మా హోటల్లో ఈ ఖాళీ బల్లల మధ్య కుర్చీ లాక్కుని, ఒళ్ళో ఎవరిదో కోటు వేసుకుని గుండీలు కుడుతున్నట్టు నటిస్తున్నాను. సూదిలో దారం కూడా లేదు, ఇప్పుడే చూసుకున్నాను. వీధి గుమ్మం దగ్గర అన్నయ్య నల్లపలక మీద సుద్దముక్కతో ‘ఇవాళ్టి నుంచి మళ్ళీ భోజనం’ అని రాసి, అక్షరాలు వంకరపోయాయని చెరిపి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరుపుతున్నాడు. అక్షరాలు బాగానే ఉన్నాయి, వంకరపోయింది అన్నయ్య ధైర్యం. టక్. అదిగో. వానల్లో పడిపోయిన మనిషి, కుడిపక్కంతా చచ్చుబడి మాట ముద్దయిపోయిన మనిషి, ఎండలు ముదిరేసరికి లేచి నిలబడి ఇవాళ ఎడమచేత్తో కత్తి పట్టింది. నిన్న సాయంత్రమే చెప్పేసింది అన్నయ్యకి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, కానీ ఎక్కడా తడబడకుండా: “రేపు నేను కోసి వండలేకపోతే, ఈ చోటు అద్దెకడుగుతున్న ఆ ఫోన్ల షాపాయన్ని ఎల్లుండి రమ్మనండి. తాళంచెవి నేనే ఆయన చేతిలో పెడతాను.” అన్నయ్య ఏదో అనబోయాడు. “ఏడవద్దు,” అంది వదిన. ఆయన ఏడవలేదు, బయటికెళ్ళి ఏడ్చొచ్చాడు.

అసలు వదిన చప్పుడు ఎలా ఉండేదంటే, రేకుల మీద పెద్దవాన మొదలైనట్టుండేది. పైగదిలో నా కుట్టుమిషను, కింద వంటగదిలో వదిన కోతపీట, మధ్యలో ఒక చెక్కనేల. ఆవిడ ఉల్లిపాయలు మొదలుపెడితే నా కాలు తెలియకుండానే ఆ వేగాన్ని అందుకునేది, ఆవిడ క్యాబేజీ దగ్గరికొచ్చి నెమ్మదిస్తే నా కుట్టు కూడా నెమ్మదించేది. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పొద్దున్నంతా కలిసి పనిచేసేవాళ్ళం. మొదట్లో మాత్రం నాకావిడంటే గిట్టేది కాదు, ఎందుకని అడిగితే చెప్పలేను, ఆడపడుచుని కదా, గిట్టకపోవడం నా ఉద్యోగమనుకున్నాను. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఒకరోజు పైకొచ్చి, “మిషను నూనె కొంచెం ఇస్తావా అమ్మాయ్, కత్తులకి పూయాలి,” అంది. సీసా ఇచ్చాను. చుక్క వేలిమీద వేసుకుని వాసన చూసి, మొహం అదోలా పెట్టి, “తిండి కోసే కత్తికి ఇదా? మిషనుకే ఉంచుకో తల్లీ,” అని సీసా తిరిగిచ్చేసింది. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ అక్కణ్ణుంచి తిన్నగా మందుల షాపుకెళ్ళి, రంగూ రుచీ వాసనా లేని ద్రవమేదో, మలబద్ధకానికి తాగుతారే, ఆ పారఫిన్ నూనె, అది తెచ్చుకుంది. వంటనూనె పూస్తే కొన్నాళ్ళకి జిగురుకట్టి కంపు కొడుతుందిట, ఇదైతే ఎన్నాళ్ళున్నా అలాగే ఉంటుందిట, నోట్లోకి పోయినా భయం లేదుట. సీసా అయిపోయినప్పుడల్లా తెచ్చేది. ఒకసారి నేను ఏదో తలనొప్పి మాత్ర కోసం వెళ్తే ఆ షాపాయన గొంతు తగ్గించి, “మీ ఇంట్లో అందరికీ ఇబ్బందేనా అమ్మా? ఆకుకూరలు తినమనండి,” అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే వదిన గోడకి చేరబడి, కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకూ నవ్వాగలేదు. ఆ రోజుతో నా ఉద్యోగం పోయింది.

టక్, టక్. రెండు వరసగా పడ్డాయి. అన్నయ్య కూడా విన్నాడు, పలక మీంచి తలెత్తి నావైపు చూశాడు. నేను కళ్ళతోనే, ఆగు, అన్నాను. కిటికీలోంచి ఎండ బల్ల మీదికి దిగి ఉప్పు సీసాలో మెరుస్తోంది. ఆ కత్తి కూడా మొదట్లో ఇలా మెరిసేది కాదు, ఇప్పుడూ మెరవదు. పాత ఇనుము అమ్మేవాడి గుట్టలోంచి ఏరింది వదిన దాన్ని, పిడి విరిగి, ఒళ్ళంతా ఎర్రటి పొక్కులు లేచి, ముట్టుకుంటే చేతికి రాలే స్థితిలో. “ఇదేం కత్తే, ఇటుకరాయిలా ఉంది,” అని అన్నయ్య ఎగతాళి చేశాడు. వదిన దాన్ని వెనిగర్లో నానబెట్టి, పీచుతో తోమి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్ళీ నానబెట్టి, ఆ పని ఎంతకీ తెమిలేది కాదు. రోజూ హోటలు కట్టేశాక చీకటి పడేలోపు పెరటిమెట్టు మీద కూర్చుని అదే లోకంగా రుద్దేది. ఎర్రది పోయి నల్లది, నల్లది పోయి బూడిదరంగు, దాని కింద ఒకరోజు తెల్లగా, నిజంగా తెల్లగా, లోపలి మనిషి బయటికొచ్చినట్టు ఇనుము కనిపించింది. సానపట్టే ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, గోటితో మీటి చెవిదగ్గర పెట్టుకుని, “ఇలాంటి ఉక్కు ఇప్పుడు దొరకదమ్మా. కాకపోతే ఇది పసిపిల్ల లాంటిది, తడి మీద వదిలేస్తే ఒప్పుకోదు,” అన్నాడు. “ఎవరు వదిలేస్తారు?” అంది వదిన. ఆ తెల్లదనం కూడా ఎన్నాళ్ళో ఉంచలేదావిడ. ఉల్లిపాయలూ మాంసమూ కోస్తూ, కోసిన వెంటనే కడుగుతూ, తుడుస్తూ పోయింది, కొన్నాళ్ళకి రేకంతా నీలంగా, బూడిదగా, పావురం మెడ మీద కనిపించే రంగులన్నీ దానిమీద కనిపించాయి. పాడైపోయిందనుకుని నేను గొల్లున మొత్తుకుంటే, “పిచ్చిదానా, ఇది మచ్చ కాదు, చర్మం. ఈ నీలం పొర వచ్చిందంటే ఎర్ర తుప్పుకి చోటు తగ్గినట్టే. తుప్పు తింటుంది, ఇది కాస్తుంది,” అంది. నాకప్పుడు అర్థం కాలేదు, రెండూ ఇనుము రంగు మారడమే కదా అనుకున్నాను. ఇప్పుడు ఎవరైనా కత్తి చేతికిస్తే కళ్ళు మూసుకుని వేలు తగిలించి చెప్తాను, గరగరలాడితే తుప్పు, నున్నగా జారితే చర్మం.

దానికి పెద్దాయన అని పేరు పెట్టింది వదిన. తర్వాత చేపలకి సన్నటిదొకటి వచ్చింది, అది నాజూకు. వెల్లుల్లి ఒలవడానికి ఒక చిన్నది, అది బుడంకాయ. ముగ్గురికీ వంటగదిలో పొయ్యికి దూరంగా, కుళాయికి దూరంగా, ఉప్పుజాడీకి ఇంకా దూరంగా గాలాడే గోడమీద మేకులు. మూసిపెట్టిన పెట్టెలో పెడితే చెమట పడతాయనేది. ఎవర్నీ తోమనిచ్చేది కాదు, ఎంగిలిపళ్ళేల తొట్టిలో పొరపాటున ఎవరైనా కత్తి జారవిడిస్తే, అంతటి నెమ్మదస్తురాలూ తొట్టిలో బిడ్డ పడ్డట్టు పరిగెత్తేది. నిమ్మకాయ, టమాటా, ఉల్లిపాయ, ఏదైనా పులుపు తగిలిందంటే ఆ పని పూర్తయ్యేదాకా కూడా ఆగదు, మధ్యలోనే ఒక తుడుపు, మళ్ళీ కోత, మళ్ళీ తుడుపు. చివర్లో వేడినీళ్ళతో కడిగి, నీళ్ళు ఆరనివ్వకుండా తుడిచి, ఒక గుడ్డతో తడి పోగొట్టి ఇంకో గుడ్డతో తడి పోయిందో లేదో చూసుకుని, రాత్రి తగిలించేముందు ఒక్క చుక్క నూనె, అంతే, చేతికి అంటీ అంటనంత. ఆ గుడ్డలు నావే. కోటు లోపల వేసే మెత్తటి నూలుగుడ్డ కత్తిరించగా మిగిలిన ముక్కలన్నీ సంచిలో వేసి కిందికి పంపేదాన్ని. “ఈవారం సంచి బాగుంది, ఎవరో ధనవంతుల కోటు కుట్టినట్టున్నావే,” అని కిందనుంచి అరిచేది. గుడ్డని మడతేసి కత్తి వీపువైపు నుంచి పట్టుకుని అంచు వైపుకి లాగేది, ఎప్పుడూ అంచు వెంబడి కాదు, ఒక్కసారి కూడా కాదు. ఆ లాగడంలో తొందర ఉండేది కాదు, అలసట ఉండేది కాదు. బయట పాతికమంది ఆకలితో బల్లలు దరువేస్తున్నా సరే ఆ ఒక్క తుడుపుకీ దాని టైం దానికి ఉండేది. నేను చూసిన మనుషుల్లో ఎవరూ ఏ పనినీ అలా పూర్తిచెయ్యలేదు. మనమంతా చివరి కుట్టు దగ్గర కాస్త కక్కుర్తి పడతాం. వదిన పడదు.

అన్నయ్య జాలిపడి ఒకసారి పెళ్ళిరోజుకి స్టీలు కత్తుల సెట్టు కొనుక్కొచ్చాడు, పెట్టెలో తళతళలాడుతూ. “చూడు, వీటికి తుప్పే పట్టదు, నీకీ తుడిచే బాధే ఉండదు,” అన్నాడు. వదిన ఒకటి తీసి టమాటా మీద పెట్టింది, టమాటా నలిగింది కానీ తెగలేదు. “తుప్పూ పట్టదు, పదునూ పట్టదు,” అని, ఆయన ముఖం చూసి నాలుక్కరుచుకుని, “బ్రెడ్డుకి వెన్న రాయడానికి భలే ఉంటాయండీ,” అంది. ఆ ‘భలే’ కోసం అన్నయ్య—

దబ్బున ఏదో పడింది లోపల. కాదు, దబ్బున కాదు, ఖణేల్‌మని, ఇనుము బండమీద పడ్డ చప్పుడు. కోటు ఎక్కడ పడేశానో తెలీదు, నేను తలుపు దగ్గరున్నాను, చెయ్యి తలుపు మీద, అన్నయ్య సుద్దముక్కతోనే పరిగెత్తుకొచ్చి నా వెనక, ఆయన ఊపిరి నా మెడమీద. కత్తి జారింది. చేతికి తగిలిందా, కాలిమీద పడిందా, మనిషి పడిందా. తలుపుని తోసేద్దామన్నంత వేగంగా అన్నయ్య ముందుకొచ్చాడు, నేను అడ్డంగా చెయ్యిపెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలీదు, నా గుండె కూడా తలుపు అవతలే ఉంది. అప్పుడు లోపల్నుంచి, నింపాదిగా, ముద్దముద్దగా: “బతికే ఉన్నాను. వెళ్ళి కూర్చోండి.” కుళాయి తిప్పిన శబ్దం. నీళ్ళు. కుళాయి కట్టేసిన శబ్దం. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. అన్నయ్యకి ఆ నిశ్శబ్దం భయంగా ఉంది, చెవి తలుపుకి ఆనించాడు. “ఏం చేస్తోందే?” అన్నాడు. “తుడుస్తోంది,” అన్నాను. తలుపు అవతల గుడ్డ కదిలితే ఎవరికి వినిపిస్తుంది? నాకు వినిపించింది.

ఆ మాట కోసమే కదా ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నమంతా అందరం పిచ్చివాళ్ళమయ్యాం. ఆ రోజు పైన కుడుతున్నాను, కింద వదిన నిమ్మకాయలు కోస్తోంది, నిమ్మకాయ చప్పుడు వేరు, మెత్తగా మొదలై గట్టిగా ఆగుతుంది. ఒక చప్పుడు మెత్తగా మొదలైంది, ఆగలేదు, అంటే గట్టిది రాలేదు. నా కాలు గాలిలోనే ఉండిపోయింది. కిందికి దిగేసరికి వదిన నేలమీద కూర్చున్నట్టు ఒరిగి ఉంది, కుడిచెయ్యి తనది కాదన్నట్టు పక్కన పడి ఉంది, కళ్ళు మాత్రం పైకి, కోతపీట వైపు. అంబులెన్సులో, ఆసుపత్రి మంచం మీద, నోటివెంట ఒకటే ముక్క, “తు… డు… తు… డు…”, నాలుక అడ్డం పడుతుంటే. “తడుపు అంటోంది, నోరు తడపమంటోంది,” అన్నాడు అన్నయ్య. దూది తడిపి పెదాలకి అద్దారు. వదిన ముఖం పక్కకి తిప్పుకుంది. నర్సు తడిగుడ్డ తెచ్చి నుదుటి మీద వేసింది. “తు… డు!” “ఇంకా తడపాలేమో!” ఎంత తడిపితే అంత కోపమొచ్చింది మనిషికి, దిండు తడిసింది, జుట్టు తడిసింది, కళ్ళు కూడా తడిశాయి, ఆ కళ్ళల్లో బాధ కాదు, ఇంతమంది ఉన్నారు ఒక్కరికీ బుర్ర లేదేమన్న విసుగు. చివరికి ఎడమచేత్తో దుప్పటి అంచు పట్టుకుని, మడతలాగా చేసుకుని, గాలిలో ఏదో పట్టుకున్నట్టు, వీపువైపు నుంచి అంచు వైపుకి మెల్లగా లాగింది. నేను కుర్చీలోంచి లేచిపోయాను. “తుడు. తుడవమంటోంది. నిమ్మకాయలు కోస్తూ పడిపోయింది కదా, పెద్దాయన తడిగా పీటమీదే ఉన్నాడు.” “ఈ స్థితిలో కత్తేమిటే!” అని అన్నయ్య గగ్గోలు పెట్టాడు. వదిన నావైపు చూసి కళ్ళు మూసుకుంది, పొద్దున్నుంచీ మొదటిసారి ఊపిరి నిదానంగా వదిలింది. ప్రాణం పోతుందో ఉంటుందో తెలియనప్పుడు మనిషికి ఏది గుర్తొస్తుందో ఎవరు చెప్పగలరు? కొందరికి దేవుడు గుర్తొస్తాడు, కొందరికి పిల్లలు. వదినకి సగంలో వదిలేసిన పని గుర్తొచ్చింది. ఆ రోజు ఇంటికి నడుస్తూ అనుకున్నాను, ఈ మనిషి బతుకుతుంది, పని మిగిలుంది కదా.

వంటగదిలో నిమ్మతొక్కలు ఎండి ముడుచుకున్నాయి. పెద్దాయన ఒంటిమీద పులుపు ఆరిపోయి ఎర్రగా, గోరంత గోరంత మచ్చలు. అన్నేళ్ళు ఒక్క చుక్క రానివ్వలేదే, ఒక్క పూట చాలింది దానికి. సోడాపొడి తడిపి ముద్ద చేసి, సీసా బిరడాతో, నీలం పొర ఎక్కువ పోకుండా మచ్చలవరకే మెల్లగా రుద్దాను, చేతకాని చేతులతో, ఆవిడ పెరటిమెట్టు మీద కూర్చున్నట్టే కూర్చుని. ఎరుపంతా గుడ్డకెక్కింది. వేడినీళ్ళతో కడిగి, తుడిచి, మళ్ళీ తుడిచి, పారఫిన్ చుక్క వేసి, నాజూకునీ బుడంకాయనీ కూడా దించి వాటికీ పూసి, నేను బట్టల నమూనాలు గీసుకునే కాగితంలో ముగ్గుర్నీ విడివిడిగా చుట్టాను. పెద్దాయన ఎవరిదో కోటు చేతిలోకి దూరాడు. ఆ ఎర్రటి గుడ్డని జేబులో పెట్టుకుని ఆసుపత్రికి తిరిగెళ్ళి వదిన ముక్కు దగ్గర పెట్టాను. వాసన చూసింది. తుప్పు వాసన తెలిసింది, సోడా వాసన తెలిసింది, ఏం జరిగిందో మొత్తం తెలిసింది. ముఖంలో సగమే కదిలింది కానీ ఆ సగం పూర్తిగా నవ్వింది. డాక్టరు వచ్చి ఇది మంచి లక్షణం అన్నారు. ఏది అని నేను అడగలేదు.

ఆ తర్వాత ముసురు పట్టినప్పుడల్లా కాగితాలు విప్పి చూసేదాన్ని, గాలిలో నీరుందంటే చాలు చుట్టి దాచినా పడుతుంది తుప్పు. తుడిచి, పూసి, మళ్ళీ చుట్టి. కింద హోటల్లో అన్నయ్య టీ, బ్రెడ్డు, గుడ్లతో లాక్కొచ్చాడు. చేతికి కసరత్తు చేయించడానికి వచ్చే అమ్మాయి మొదటిరోజు రబ్బరుబంతి తెచ్చి పిసకమంది. వదిన దాన్ని చూసి, అప్పటికి మాటలు కొన్ని తిరిగొచ్చాయి, “ఇది వండేదా, తినేదా?” అంది. ఇంకొకరైతే చిన్నబుచ్చుకునేవారు. ఆ అమ్మాయి పకపకా నవ్వేసి, బంతి సంచిలో పడేసి, “అయితే మీ చేతికి బాగా అలవాటైన పని చెప్పండి,” అని అడిగింది. “తుడవడం.” “సరే, అదే చేద్దాం.” చెక్కగరిటెతో మొదలుపెట్టించింది. కుడిచేతి వేళ్ళ మధ్య నా నూలుగుడ్డ మడతపెట్టి, ఆ వేళ్ళని తన వేళ్ళతో మూసి, ఎడమచేత్తో గరిటెని లాగించేది. గుడ్డ జారిపోయేది. మళ్ళీ. జారిపోయేది. మళ్ళీ. నేను చూడలేక పైకెళ్ళిపోయి మిషను తొక్కేదాన్ని, కింద గరిటె పడ్డ చప్పుడు, మళ్ళీ గరిటె పడ్డ చప్పుడు. ఒక్కసారైనా వదిన విసుక్కోగా వినలేదు, విసుక్కున్నది ఆసుపత్రిలో ఆ నీళ్ళ రోజే. చలి తగ్గాక ఒకనాడు గరిటె పడలేదు. చాలాసేపు వింటూ కూర్చున్నాను, పడలేదు. గరిటె తర్వాత ఆ అమ్మాయి అన్నయ్య కొన్న స్టీలు సెట్టులోంచి వెన్న రాసే మొద్దుకత్తి ఇచ్చింది. “చూశావా, నేను కొన్నది పనికొచ్చింది,” అని ఆయన మూడు వీధుల వాళ్ళకీ చెప్పుకున్నాడు. కుడిచెయ్యి కత్తి పట్టే బలానికి రాలేదు, ఇక రాదేమో అని ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది. కానీ గుడ్డ పట్టుకుంటుంది. “అయితే కొయ్యడం ఎడమచేతికి, తుడవడం కుడిచేతికి. పనులు పంచాను,” అంది వదిన, ఇంట్లో కోడళ్ళకి పని చెప్పినట్టు. కూరగాయ కదలకుండా కోతపీట అడుగునుంచి మొనలు పైకొచ్చేలా అన్నయ్య రెండు మేకులు దిగ్గొట్టాడు, ఉల్లిపాయని వాటికి గుచ్చితే చాలు ఇంకో చెయ్యి అక్కర్లేదు. “ఆ మేకులు మాత్రం స్టీలువి వెయ్యండి, నేను ముగ్గుర్నే తుడవగలను,” అని ఆర్డరు.

టక్. టక్. టక్. ఇప్పుడు వరస కుదిరింది, వానలా కాదు, చూరులోంచి కారే చుక్కల్లా, కానీ ఆగకుండా. నేలమీద పడ్డ కోటు దులిపి ఒళ్ళో వేసుకున్నాను. సూదికి దారం ఎక్కించాను, ఒకేసారికి ఎక్కింది. ఉల్లిపాయ ఘాటు తలుపు కిందనుంచి వస్తోంది, కళ్ళు మండుతున్నాయి, ఉల్లిపాయే, ఇంకేం కాదు. టక్ టక్. తర్వాత గిన్నె మూత, నూనె చిటపట, గరిటె. చప్పుడు ఆగి మళ్ళీ కోత, ఈసారి కాస్త గట్టిగా, క్యారెట్టు. మధ్యమధ్య ఆ ఖాళీ, తుడుపు. గడియ తీసిన శబ్దం విని మేమిద్దరం ఒకేసారి లేచాం.

“రా, నువ్వొక్కదానివే,” అంది నన్ను. లోపల ఆవిరి. వదిన జుట్టంతా నుదుటికి అతుక్కుని ఉంది, బూజు దులిపిన మనిషిలా అలిసిపోయి, పెళ్ళికూతురిలా వెలిగిపోతూ. బుడంకాయా నాజూకూ మేకులకి తగిలించి ఉన్నాయి, పెద్దాయన పీటమీద పొడిగా. ఎక్కడా రక్తం లేదు, అదే మొదట చూశాను. తర్వాత పళ్ళెంలో ముక్కలు. ఒకటి లావు, ఒకటి పలచన, అన్నీ ఏటవాలుగా, పడవలు ఒకవైపుకి ఒరిగినట్టు. “చూశావా, తిన్నగా దించుతుంటే పక్కకి పోతోంది,” అంది. “ఎడమచేతికి అలవాటు కావాలి కదా వదినా.” “చేతిది కాదు. వేలు పెట్టి చూడు.” అంచుకి అటూ ఇటూ వేలు తగిలించాను. ఒకవైపు పొడుగ్గా వాలి ఉంది, ఇంకోవైపు దాదాపు నిటారు. “ఇన్నేళ్ళూ నా కుడిచేతికి తగ్గట్టే సానపట్టించాం, ఇది అటే వాలిపోయింది. పాపం, దాని తప్పేముంది? సానాయన్ని పిలు. రెండోవైపు పట్టమందాం.” “అంచంతా తెల్లబడిపోతుంది వదినా. నీలమంతా పోతుంది అక్కడ. ఎన్నేళ్ళకి వచ్చిందది! కొత్త ఇనుము బయటపడితే ఇట్టే తుప్పు పడుతుంది.” వదిన నావైపు, ఇంత పెద్ద పిల్లకి ఇంకా ఇవన్నీ చెప్పాలా అన్నట్టు చూసి, కుడిచేతి వేళ్ళలో గుడ్డ సర్దుకుంటూ అంది, “పడితే తుడుద్దాం. ఉల్లిపాయలు కోస్తుంటే నీలం అదే వస్తుంది. మొదటిసారి ఎలా వచ్చింది?” అంతే. అందులో ఏడుపు లేదు, ఏడిపించాలని లేదు. ఎడమచేత్తో కత్తి ఎత్తి, వీపువైపు నుంచి గుడ్డ మీదుగా లాగింది, మెల్లగా, బయట అన్నయ్య తలుపు మీద గోళ్ళతో గీకుతున్నా సరే, దాని టైం దానికిచ్చి. ఆ చెయ్యి వణుకుతోంది. వణుకుతూనే చివరిదాకా వెళ్ళింది. నేను నిలబడి చూశాను, కొన్ని చూడటానికే మనిషి ఈ ఇంట్లో పుట్టి ఉంటుంది అనుకుంటూ.

తలుపు తీయగానే అన్నయ్య గిన్నెలోకి తొంగిచూసి, ఆవిడ ముఖంలోకి తొంగిచూసి, “మరి ఆ ఫోన్ల షాపాయన్ని ఎల్లుండి… రేపు… రమ్మన్నావు కదా, ఏం చెప్పను?” అన్నాడు.

“రమ్మనండి,” అంది వదిన. “భోజనానికి.”

అన్నయ్య పలక పట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. మొదట ఎదురు గ్యారేజీ మెకానిక్ వచ్చాడు, చేతులు కడుక్కున్నా గోళ్ళ కింద నలుపు పోని మనిషి, ఆవిడ పడిపోయిన రోజు అంబులెన్సు దాకా మోసినవాళ్ళలో ఒకడు. వెనకే పోస్టాఫీసువాళ్ళు, బడి టీచరమ్మలు, ముఖం తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ. బల్లలు నిండాయి. వదిన వంటగది గుమ్మానికి భుజం ఆనించి నిలబడింది, ఎప్పుడూ అలా నిలబడేది కాదు, తినేవాళ్ళని చూస్తే తినలేరనేది. ఇవాళ చూస్తోంది. మెకానిక్ పళ్ళెంలోంచి ఒక క్యారెట్టు ముక్క చెంచాతో పైకెత్తాడు. అది చెంచాకంటే పెద్దది. అటూ ఇటూ తిప్పి చూశాడు, గదంతా వినేలా, ఏ దురుద్దేశమూ లేకుండా, “అక్కా, ఇవాళ ముక్కలు బాగా పెద్దవయ్యాయే!” అన్నాడు. చెంచాలు ఆగిపోయాయి. బడి టీచరమ్మ అతని కాలు తొక్కినట్టుంది, అతని ముఖం ఎర్రబడింది, అన్నయ్య గుమ్మంలో కొయ్యబారాడు. నేను నా కుర్చీలో, ఎవరి వైపూ చూడకుండా, ఏదైనా అనాలి, నేనే ఏదైనా అనాలి అనుకుంటుంటే—

“ముక్కలు ఎప్పటంతే ఉన్నాయి తమ్ముడూ,” అంది వదిన, ఒక్కో మాటా దొర్లించుకుంటూ, అందరూ ఆ మాట పూర్తయ్యేదాకా కాచుకుని ఉండగా. “ఇన్నాళ్ళూ బ్రెడ్డు తిని నీ నోరే చిన్నదయింది.”

ముందు టీచరమ్మకి పొలమారింది. ఆ తర్వాత గది గదంతా, అన్నయ్య అందరికంటే గట్టిగా. మెకానిక్ ఆ ముక్కని అమాంతం నోట్లో వేసుకుని, బుగ్గ ఉబ్బించి నమిలి, ఖాళీ పళ్ళెం ముందుకి తోశాడు. “అయితే ఇంకో రెండు గరిటెలు వెయ్యండక్కా, సాగదీసుకుంటాను!” నేను లేచి గరిటె అందుకోబోయాను. వదిన నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. గిన్నె తను తీసుకుంది, ఎడమ చంకకి ఆనించుకుని, కుడికాలు కాస్త ఈడుస్తూ, బల్లల మధ్యలోంచి అతని వైపు బయల్దేరింది. సాయపడటానికి ఎవరూ లేవలేదు. అందరం కుర్చీలు జరుపుకుని దారిచ్చాం.